చక్రంలో చిక్కిన పట్టు స్కార్ఫ్

ఉత్తకాళ్లతో నాట్యం చేసి లోకాన్ని మెప్పించిన ఇసడోరా డంకన్ 1877లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. తల్లి పియానో పాఠాలు చెప్పి నలుగురు పిల్లల్ని పెంచింది. బిగుతు దుస్తులు, బ్యాలే బూట్లు ఇసడోరాకి గిట్టేవి కావు. పల్చటి వదులు దుస్తుల్లో అలలా కదిలేది. 1904లో బెర్లిన్ దగ్గర ఆడపిల్లలకు నాట్యం బడి పెట్టింది.

1913లో పారిస్‌లో ఆమె ఇద్దరు పిల్లలూ, ఆయా వెళుతున్న కారు ఇంజన్ ఆగిపోయింది. డ్రైవరు హ్యాండ్‌బ్రేక్ వేయకుండానే దిగి హ్యాండిల్ తిప్పాడు. కారు దొర్లి సీన్ నదిలో పడింది. ముగ్గురూ దక్కలేదు.

ఆ కడుపుకోతతోనే ఆమె మళ్లీ నాట్యం చేసింది. 1921లో మాస్కో వెళ్లి అక్కడా బడి పెట్టింది. 1927 సెప్టెంబర్ 14 రాత్రి ఫ్రాన్స్‌లోని నీస్‌లో టాప్ లేని కారెక్కింది. మెడకు చుట్టుకున్న పొడుగాటి పట్టు స్కార్ఫ్ కొస చక్రంలో చిక్కుకుంది. కారు కదలగానే మెడ విరిగి ప్రాణం పోయింది. అప్పటికి ఆమెకు 50 ఏళ్లే.

రెండుసార్లూ ఒక్క క్షణం చూసుకుంటే సరిపోయేది. స్కూటర్ వెనక కూర్చునే మనకీ అంతే. కొంగు నడుముకి దోపుకోండి. చున్నీ మెడకు చుట్టుకోకుండా, కొసలు ఒళ్లోకి తీసుకుని పిన్ను పెట్టుకోండి. ఆ తర్వాతే బండి కదలనివ్వండి.