ఆచార్య పోకల లక్ష్మీనరసు: విచారణయే శరణాగతి

1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ ధమ్మదీక్ష స్వీకరించిన మహాఘట్టం ధమ్మబంధువులందరికీ సుపరిచితమే. ఆ దీక్షకు దాదాపు అర్ధశతాబ్దం ముందే, తథాగతుని బోధను ఆధునిక విజ్ఞానపు వెలుగులో పరీక్షించి లోకానికి అందించిన తెలుగు ఆచార్యుడొకరు మద్రాసులో ఉండేవారు. వారే పోకల లక్ష్మీనరసు. హోప్ టౌన్‌లోని మన తెలుగు కుటుంబాలలోనే కాదు, ఆంధ్రదేశంలో సైతం వారి పేరు అరుదుగా వినిపిస్తుంది. ఆంగ్లంలో రచనలు చేసినందువల్ల వారి కీర్తి మాతృభాషకు దూరంగా ఉండిపోయింది. ఆ లోటును కొంతైనా పూరించాలని ఈ వ్యాసం తలపెట్టాము.

లక్ష్మీనరసు 1861లో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో, తరువాత పచ్చయప్ప కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలను బోధించారు. ప్రయోగశాలలో గురువు చెప్పినంత మాత్రాన ఏ సిద్ధాంతమూ సత్యం కాదు. పరీక్షకు నిలిచినదే సత్యం. కేసపుత్త గ్రామంలోని కాలాములకు భగవానుడు ఉపదేశించినదీ ఇదే. అందువల్ల శాస్త్రాచార్యుడు ధమ్మాన్ని ఆశ్రయించడంలో మనకు వైరుధ్యం కనిపించదు.

1898లో పండిత అయోతీదాసు కర్నల్ ఆల్కాట్ సహాయంతో సింహళానికి వెళ్లి పంచశీలాలు స్వీకరించి వచ్చి, మద్రాసులో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించారు. అస్పృశ్యులుగా వెలివేయబడిన ప్రజలు తమ గౌరవాన్ని తాము తిరిగి నిలుపుకొన్న ఉద్యమమది. అస్పృశ్యత బాధ సోకని వర్గంలో జన్మించిన లక్ష్మీనరసు ఆ సంఘానికి అండగా నిలిచారు. తరువాతి కాలంలో 1923 నాటి మే దినోత్సవంతో ప్రసిద్ధికెక్కిన సింగారవేలు కూడా వారితో కలిసి పనిచేశారు. కోలారు బంగారు గనులలోను, సముద్రం దాటి రంగూను, డర్బనులలోను శ్రామికుల మధ్య ఆ సంఘపు శాఖలు వెలిశాయి.

ఈ పెద్దల మధ్య అభిప్రాయభేదాలు లేకపోలేదు. అయోతీదాసు బౌద్ధాన్ని తమ ప్రజల పూర్వధర్మంగా దర్శించి, తమిళ సంప్రదాయంలో దాని ఆనవాళ్లను వెదికారు. లక్ష్మీనరసు దానిని దేశకాలాలకు అతీతమైన హేతుబద్ధ ధర్మంగా భావించారు. ఒకరిది కోల్పోయిన చరిత్రను తిరిగి పొందే మార్గం. మరొకరిది బుద్ధితో పరిశీలించి స్వీకరించే మార్గం. నేటి మనకు ఈ రెండూ అవసరమే. 1914లో అయోతీదాసు మరణించిన తరువాత దక్షిణాది బౌద్ధోద్యమ భారం ప్రధానంగా లక్ష్మీనరసు భుజాలపై పడింది.

వారి ప్రధాన గ్రంథమైన ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’ 1907లో వెలువడింది. చారిత్రక బుద్ధుడు, బౌద్ధపు హేతుబద్ధత, దాని నీతి, కులం, స్త్రీల స్థానం, ఆర్యసత్యాలు, అష్టాంగమార్గం, మరణానంతర ప్రశ్న మొదలైన విషయాలు అందులో అధ్యాయాలుగా ఉన్నాయి. ధర్మగ్రంథంలో కులానికీ స్త్రీకీ ప్రత్యేక అధ్యాయాలు కేటాయించడమే గ్రంథకర్త దృష్టిని తెలుపుతుంది. సమాజంలోని అన్యాయాన్ని స్పృశించని ముక్తిమార్గం వారికి సమ్మతం కాదు. 1922లో కులవ్యవస్థపై ‘ఎ స్టడీ ఆఫ్ కాస్ట్’ అనే ప్రత్యేక గ్రంథాన్ని ప్రకటించి, ఆ విచారణను మరింత ముందుకు నడిపారు.

ఈ విచారణ మన ద్వీపాలకు మిక్కిలి సన్నిహితమైనది. 1858లో ఇక్కడ శిక్షాస్థావరం ఏర్పడిన తరువాత, వేర్వేరు ప్రాంతాల, మతాల, కులాల ఖైదీలు కుటుంబాలు ఏర్పరచుకొన్నారు. ‘లోకల్ బార్న్’ అని పిలువబడే వారి సంతతి కులం చెప్పకుండానే బ్రతికింది. కులం ప్రకృతిసిద్ధం కాదనడానికి ఇంతకంటే ప్రత్యక్ష నిదర్శనం ఏమి కావాలి? అయినను, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి ఓడలలో వచ్చిన మనలో పెళ్లిమాటల వేళ పాత కులప్రశ్న నేటికీ తలయెత్తుతూనే ఉన్నది. త్రిశరణాలు పఠించే ఇంటిలో ఆ ప్రశ్న వినిపించినంత కాలం మన దీక్ష అసంపూర్ణమే.

లక్ష్మీనరసు 1934లో కన్నుమూశారు. బౌద్ధంపై మంచి గ్రంథమేదని పలువురు అడిగినప్పుడు అంబేడ్కర్ నిస్సంకోచంగా సూచించినది వీరి గ్రంథాన్నే. 1948లో తమ ముందుమాటతో దానిని పునర్ముద్రింపజేశారు. గ్రంథకర్త జీవిత విశేషాలను పట్టాభి సీతారామయ్య ద్వారా తెలుసుకొని అందులో పొందుపరచారు. వ్రాతప్రతిగా మిగిలిన ‘రిలిజియన్ ఆఫ్ ది మోడర్న్ బుద్ధిస్ట్’ వారు గతించిన చాలా కాలానికి, 2002లో అచ్చయింది.

ఆ ఆచార్యుని చిత్రపటానికి పూలమాల వేయడం సులభం. వారి గ్రంథంలోని కులాధ్యాయాన్నీ, స్త్రీ అధ్యాయాన్నీ పౌర్ణమి సమావేశాలలో తెలుగున చదివి చర్చించుకోవడం, సందేహాలతో వచ్చే పిల్లలను గద్దింపక వారి ప్రశ్నలకు సమాధానం చెప్పడం, వివాహాలలో కులప్రస్తావనను విడనాడడం మన నుండి వారికి చెల్లవలసిన గురుదక్షిణ.