సాధనామూర్తి బెన్ హోగన్

భోజనవేళ దీపం ఆరిపోయినా చేయి తప్పక నోటికి చేరుతున్నదని గ్రహించి, అర్జునుడు నాటి నుండి చీకటిలో బాణప్రయోగం అభ్యసించాడని భారతకథ. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన నాడు జనులు చూసి మెచ్చినది ఆ రాత్రుల ఫలాన్నే. ఎవరూ చూడని వేళల్లో చేసిన సాధనే రంగంలో విజయమై నిలుస్తుందని గోల్ఫ్ క్రీడలో నిరూపించిన ధన్యుడు బెన్ హోగన్.

హోగన్ 1912 ఆగస్టు 13న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, స్టీఫెన్‌విల్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి కమ్మరి. 1922లో ఆయన ఆత్మహత్య చేసుకొనే నాటికి బెన్ తొమ్మిదేళ్ల పసివాడు. తల్లి కుట్టుపని చేసి పిల్లలను పోషించింది. బాలుడు ఫోర్ట్‌వర్త్ రైల్వేస్టేషనులో వార్తాపత్రికలు అమ్మాడు. పదకొండవ ఏట ఒక గోల్ఫ్ మైదానంలో కేడీగా, అనగా ఆటగాళ్ల కర్రల సంచి మోసేవాడుగా చేరాడు. సంచి మోస్తూనే ఆటను గమనించాడు, గమనిస్తూనే నేర్చుకొన్నాడు.

1930లో, పదిహేడేళ్ల వయస్సులో హోగన్ వృత్తి క్రీడాకారుడయ్యాడు. కాని అతడు కొట్టిన బంతి తరచు ఎడమవైపునకు వంపు తిరిగి గురి తప్పేది. పలుమార్లు చేతిలో డబ్బు అయిపోయి, పోటీలు విడిచి ఇంటికి మరలవలసి వచ్చింది. 1935లో అతనిని వివాహమాడిన వాలరీ ఆ కష్టకాలంలో తోడునీడగా నిలిచింది.

గోల్ఫ్‌లో ఒక రౌండుకు పద్దెనిమిది గుంటలు. పెద్ద పోటీలలో సాధారణంగా నాలుగు రౌండ్లుంటాయి. అన్నింటిలో కలిపి తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. ఆ కాలంలో రౌండు ముగియగానే విశ్రమించడం పలువురికి అలవాటు. హోగన్ మాత్రం నేరుగా అభ్యాసస్థలానికి వెళ్లేవాడు. దూరంగా నిలిచిన కేడీయే అతని గురి. ఊరక బంతులు కొట్టి అలసిపోవడం అతని పద్ధతి కాదు. నాటి ఆటలో ఏ దెబ్బ తప్పిందో, ఎందుకు తప్పిందో ఆలోచించి, ఆ ఒక్క దోషం తొలగేదాకా శ్రమించేవాడు. వృత్తిలో అడుగిడిన పదేళ్లకు, 1940లో, పైన్‌హర్స్ట్‌లో తొలి వ్యక్తిగత విజయం లభించింది. ఆ వెంటనే మరి రెండు పోటీలు గెలిచాడు.

1949 ఫిబ్రవరి 2న విధి పరీక్షించింది. పొగమంచులో ఎదురుగా వచ్చిన బస్సు అతని కారును ఢీకొన్నది. భార్యను రక్షించుటకై ఆమెకు అడ్డంగా ఒరగడం వల్ల అతని ప్రాణమూ దక్కింది. కాని కటి ఎముక, మెడ కింది ఎముక, చీలమండ విరిగాయి. దాదాపు రెండు నెలలు ఆసుపత్రిలో గడిపాడు. తిరిగి నడవగలడా అని లోకం సందేహించింది. అటుపై రౌండ్ల నడుమ సాధనకు మరొక శ్రమ తోడైంది: కాళ్లను గోరువెచ్చని ఉప్పునీటిలో ఉంచి, పట్టీలు చుట్టి, మరునాటి నడకకు సిద్ధపరచుకోవడం. ఆ కాళ్లతోనే 1950 జూన్‌లో మెరియన్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్‌లో ఒకే రోజు రెండు రౌండ్లు నడిచి, మరునాడు అదనపు రౌండు ఆడి విజేత అయ్యాడు.

1953లో స్కాట్లండులోని కార్నూస్టీకి రెండు వారాలు ముందుగానే చేరుకున్నాడు. అక్కడి బంతి అమెరికా బంతికంటె చిన్నది; నేల గట్టిది. వాటికి తగినట్లు తన దెబ్బను మలచుకొన్నాడు. నాలుగు రౌండ్లలో అతని దెబ్బలు వరుసగా 73, 71, 70, 68. రౌండుకు రౌండుకు నడుమ జరిగిన సాధనకు ఈ అంకెలే సాక్ష్యం. ఆ ఏడాది మూడు మహాపోటీలు గెలిచిన హోగన్, జీవితంలో మొత్తం తొమ్మిదింటిని సాధించి, 1997 జూలై 25న ఫోర్ట్‌వర్త్‌లో కన్నుమూశాడు.

పరీక్షలో తప్పిన ప్రశ్నను మరునాడే మరచిపోయే విద్యార్థికి ఈ జీవితం ఒక హెచ్చరిక. ఆ ప్రశ్ననే ముందు వేసుకొని కూర్చొనేవానికి ఇది ఒక అభయం.