ఆలన్ ట్యూరింగ్: ముందే ఎవరో చేసేసిన లెక్క

నిరుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు, మా ఊరి చెరువు కింద ఏ మడికి ఏ పూట నీళ్ళ వంతు రావాలో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాను. నాలుగు నెలలు కూచుని పూర్తి చేశాను. తీరా చూస్తే ఆ పద్ధతి నేను పుట్టకముందే పుస్తకాల్లో వున్నదని తేలింది. నాన్నకు చెబితే, దున్నిన చేనే మళ్ళీ దున్నావురా అని నవ్వాడు. నాకు మాత్రం నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆ దిగులులో వుండగానే లైబ్రరీలో ట్యూరింగ్ జీవిత చరిత్ర చేతికి తగిలింది. కంప్యూటర్ శాస్త్ర పితామహుడని మనం పరీక్షల్లో రెండు మార్కులకు రాస్తామే, ఆయనే. ఆయన విద్యార్థిగా వున్నప్పటి కథ మాత్రం నాకు ఏ క్లాసులోనూ వినబడలేదు.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. తండ్రి మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. అధికారి. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలోనే వున్న గంజాం జిల్లా ఛత్రపురంలో కాపురముండగా తల్లి గర్భవతి అయింది. కాన్పు ఇంగ్లండులో జరిగింది. ఉద్యోగరీత్యా తల్లిదండ్రులు తిరిగి ఇండియా వచ్చేశారు గాని, ఆలన్‌నూ అతని అన్న జాన్‌నూ అక్కడే ఒక రిటైరైన కర్నలు ఇంట్లో వదిలిపెట్టారు. చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో పెరిగిన మిత్రులకు దీన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు.

1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరేరోజున దేశమంతటా సార్వత్రిక సమ్మె. రైళ్ళు లేవు. పదమూడేళ్ళ పిల్లవాడు సుమారు 60 మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ స్కూలుకు చేరాడు. దస్తూరి మాత్రం ఘోరం, మేష్టర్లందరికీ అదొక తలనొప్పి. అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ అనే స్నేహితుడు దొరికాడు. ఇద్దరికీ సైన్సు పిచ్చి. చిన్నతనంలో తాగిన ఆవుపాల ద్వారా సోకిన క్షయ వల్ల మార్కమ్ 1930 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఇంట్లో పాడి వున్నవాణ్ణి గనక ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మార్కమ్ సాధించిన ట్రినిటీ కాలేజీ స్కాలర్‌షిప్ ట్యూరింగ్‌కు రెండుసార్లు రాసినా రాలేదు. చివరకు కేంబ్రిడ్జిలోనే కింగ్స్ కాలేజీ ఇచ్చింది. 1931లో అక్కడ గణితంలో చేరాడు.

ఇక అసలు సంగతి. 1933 చివర్లో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ ఉపన్యాసాలకు ట్యూరింగ్ వెళ్ళేవాడు. ఒకే మడిలోని వరి వెన్నులు కోసి గింజలు లెక్కపెట్టామనుకోండి. మరీ తక్కువ గింజలున్నవి కొన్ని, మరీ ఎక్కువున్నవి కొన్ని, నడిమిరకంవే ఎక్కువ. గీత గీస్తే ఇంచుమించు గంట ఆకారం వస్తుంది. చిన్న చిన్న కారణాలు ఎన్నో కలిసిన చోట ఈ గంటే ఎందుకు వస్తుందో ఎడింగ్టన్ పైపైన చెప్పి వదిలేశాడు. ట్యూరింగ్‌కు అది చాలలేదు. గదిలో కూచుని, 1934 ఫిబ్రవరి అయ్యేసరికి పక్కా నిరూపణ తయారుచేశాడు. తీరా చూస్తే ఫిన్లాండ్ దేశస్థుడు లిండెబర్గ్ 1922లోనే దాన్ని నిరూపించి వున్నాడు! మనం క్లాసులో సెంట్రల్ లిమిట్ సిద్ధాంతమని చదువుకునేది అదే.

కుర్రవాడి పని అక్కడితో చెత్తబుట్టలోకి పోలేదు. సొంతంగా చేసిందే గనక సిద్ధాంత వ్యాసంగా సమర్పించమన్నారు పెద్దలు. ముందే జరిగిన పని అని అందులోనే ఒప్పుకుంటూ ట్యూరింగ్ సమర్పించాడు. 1935 మార్చిలో, ఇరవై రెండేళ్ళ వయసులో, కింగ్స్ కాలేజీ ఫెలోగా ఎన్నికయ్యాడు. ఏడాదికి 300 పౌన్లు, ఇది చెయ్యాలి అనే నిర్బంధం లేదు. డిగ్రీ చేతికి రాకముందే బ్యాంకు పరీక్షా, గ్రూపు పరీక్షా అని అడిగించుకునే మనబోటి వాళ్ళకు ఇది కొంచెం కడుపుమంటే.

ఆ తీరికలోనే అసలు పంట పండింది. 1935లో మాక్స్ న్యూమన్ పాఠాలలో హిల్బర్ట్ లేవనెత్తిన ప్రశ్న విన్నాడు: ఏ గణిత వాక్యమైనా నిరూపించదగినదా కాదా అని తేల్చే తిరుగులేని పద్ధతి వుంటుందా? ట్యూరింగ్‌కు దూరాలు పరుగెత్తే అలవాటు. పరుగెత్తి గ్రాంట్‌చెస్టర్ పచ్చికలో వెల్లకిలా పడుకున్నప్పుడు జవాబు తట్టింది. ఒక పొడుగాటి కాగితపు పట్టీ, దానిమీద గళ్ళు. యంత్రం ఒక గడి చదువుతుంది, చెరుపుతుంది లేక రాస్తుంది, ఇటో అటో ఒక గడి జరుగుతుంది. ఏం చెయ్యాలో ఒక పట్టికలో వుంటుంది. అంతే! ఏ పట్టికనైనా చదివి దాని ప్రకారం నడిచే సార్వత్రిక యంత్రం ఒకటి వుండగలదని చూపి, హిల్బర్ట్ కోరిన పద్ధతి మాత్రం వుండదని తేల్చేశాడు.

1936 ఏప్రిల్‌లో వ్యాసాన్ని న్యూమన్ చేతికిచ్చాడు. మళ్ళీ పాత కథే. ఆ ఫలితాన్నే అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో అలొంజో చర్చ్ ముందుగా ప్రకటించాడు. ట్యూరింగ్ దారి పూర్తిగా వేరు గనక న్యూమన్ పట్టుబట్టి అచ్చువేయించాడు, కుర్రవాణ్ణి చర్చ్ దగ్గరికే పంపాడు. 1938లో అక్కడే డాక్టరేటు వచ్చింది. సిద్ధాంతాలతో తృప్తిపడక, భౌతికశాస్త్ర విభాగపు వర్క్‌షాపులో తన చేతులతో రిలేలు చేసుకుని, గుణించే యంత్రం కూడా తయారుచేయబోయాడు.

తర్వాతి కథ అందరూ చెప్పేదే. 1939 సెప్టెంబరు 4న బ్లెచ్లీ పార్కులో చేరి, జర్మన్ల ఎనిగ్మా రహస్య లిపిని ఛేదించే యంత్రాలు రూపొందించాడు. అదంతా 1970ల దాకా రహస్యమే. 1945 తర్వాత నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో కంప్యూటరుకు నమూనా గీశాడు. కట్టడం ఆలస్యమైపోతుంటే విసిగి, 1948లో మాంచెస్టర్ వెళ్ళాడు. ఈ మధ్యలో, 1947లో, మారథాన్ పరుగు 2 గంటల 46 నిమిషాల్లో ముగించాడు. క్రీడా కార్యదర్శిగారు గమనించగలరు. యంత్రాలు ఆలోచించగలవా అనే 1950 వ్యాసం మీద వాదోపవాదాలు నేటికీ ఆగలేదు.

1952లో మరో పురుషుడితో సంబంధం వున్నందుకు కోర్టు శిక్ష వేసింది. జైలుకు బదులు హార్మోను మందులు తీసుకోవలసి వచ్చింది. 1954 జూన్ 7న సైనైడ్ విషం వల్ల మరణించాడు. ఆత్మహత్యని విచారణలో తేల్చారు, ప్రమాదమేమోనని అనుమానించేవారూ వున్నారు. అప్పటికి నలభై రెండేళ్ళు ఇంకా నిండలేదు. బ్రిటిష్ ప్రధానమంత్రి 2009లో క్షమాపణ చెప్పాడు, 2013లో రాణిగారి క్షమాభిక్ష వచ్చింది. తప్పు చేసినవాళ్ళు క్షమించడమేమిటో నాకర్థం కాలేదు.

కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత బహుమతి 1966 నుంచి ట్యూరింగ్ పేరనే ఇస్తున్నారు. 1994లో దాన్ని పంచుకున్న ఇద్దరిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టిన రాజ్ రెడ్డిగారు. ఈ మాట చెప్పాక మా నాన్న నా ఎమ్మెస్సీ గురించి కాస్త మెత్తబడ్డాడు.

మా నీళ్ళ వంతు ప్రోగ్రాంను ఈ సార్వాలో పదకొండుమంది రైతులు వాడారు. చివరి తూము కింద రెండు మళ్ళకు వంతు తప్పుగా వచ్చింది. ఆ పాత పుస్తకపు పద్ధతిలో మా తూము లాంటిది లేదు. ప్రస్తుతం దానిమీదే కూచున్నాను.