చేతితో చేసిన పరికరములు

జగదీశచంద్ర బోసు 1858లో వంగదేశమున జన్మించెను. ఇంగ్లండులో విద్య ముగించి, 1885లో కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలయందు భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా చేరెను. భారతీయుడగుటచే ఆయనకు ఆంగ్లేయులకంటె తక్కువ జీతము నిర్ణయించిరి. ఆయన ఆ జీతమును ముట్టక మూడు సంవత్సరములు పాఠములు చెప్పెను. తుదకు అధికారులు పూర్తి జీతము నిచ్చిరి.

ఆ కళాశాలలో పరిశోధనకు తగిన ప్రయోగశాల లేదు. బోసు నిరుత్సాహపడలేదు. ఒక రేకుపనివానికి దగ్గరనుండి నేర్పి, కావలసిన పరికరములను చేయించుకొనెను. మెలిపెట్టిన జనపనారను సైతము విద్యుత్తరంగముల పరీక్షకు వినియోగించెను. 1895లో కలకత్తా టౌనుహాలులో ఆయన పంపిన తరంగములు, కంటికి కనబడకయే గోడలను దాటిపోయి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చెను. సభలోనివారు విస్మయమందిరి.

విద్యుత్తరంగములను పసికట్టుటకు ఆయన గెలీనా యను సీసపు ఖనిజముతో ఒక సాధనమును నిర్మించెను. దానికి 1904లో అమెరికాలో పేటెంటు లభించెను. గెలీనా అర్ధవాహకము. నేడు మన యిండ్లలో వెలుగు చిన్న ఎల్.ఇ.డి. దీపములోని స్ఫటికమును అర్ధవాహకమే.

1937లో బోసు పరమపదించెను. బాలలారా! పరికరము లేదని ఆయన పని మానలేదు, పరికరమునే చేసికొనెను.