గగనాన్వేషి వేణు బప్పు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో ఆకాశం అతి విశాలంగా గోచరిస్తుంది. మృగశిర కార్తె ప్రవేశించగానే ఇక్కడి రైతు మబ్బు జాడ కోసం తలెత్తి చూస్తాడు. సంధ్యవేళ మేఘాలలో విరిసే రంగులను నేటి విద్యార్థి తన సెల్‌ఫోనులో బంధించి మురిసిపోతాడు. ఆకాశాన్ని చిత్రించే ఈ చిన్న ఆనందాన్ని జీవితవ్రతంగా మలచుకొన్న మహనీయుడు మన హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు.

వేణు బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి కుటుంబం మలబారు ప్రాంతానికి చెందినది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో వేణు బప్పు బాల్యం, విద్యాభ్యాసం ఇక్కడే సాగాయి.

ఆ వేధశాలది ఘనమైన చరిత్ర. మహబూబ్‌నగర్‌కు తన పేరునిచ్చిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1901లో నవాబు జఫర్ జంగ్ దానిని నెలకొల్పారు. తరువాత అది బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి నక్షత్రపటాన్ని రూపొందించాలని వివిధ దేశాల వేధశాలలు చేపట్టిన మహాకార్యంలో హైదరాబాదు కూడ పాలుపంచుకొన్నది.

నాటి ఛాయాగ్రహణం నేటివలె క్షణంలో ముగిసేది కాదు. వెండి లవణాల పూత పూసిన గాజు పలకను దూరదర్శినికి అమర్చి, నక్షత్రాల గమనాన్ని అనుసరించి దూరదర్శినిని మెల్లగా తిప్పుతూ, చాలాసేపు వేచి ఉండాలి. కంటికి ఆనని తారలు సైతం పలకపై బిందువులై నిలుస్తాయి. ఇంతలో మబ్బు కమ్మితే శ్రమంతా వ్యర్థమే. ఇట్టి ఓర్పు రాజ్యమేలే వాతావరణంలో ఆ బాలుడు పెరిగాడు.

నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసిస్తున్న కాలంలోనే వేణు బప్పు కాంతి మారే నక్షత్రాలను పరిశీలించి పరిశోధన వ్యాసాలు ప్రకటించారు. ఉన్నత విద్యకై అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1949 జూలై 2న తాము తీసిన ఛాయాచిత్రాన్ని పరిశీలిస్తుండగా, తారల నడుమ ఒక కొత్త జాడ కంటపడింది. అది అంతవరకు ఎవరూ గుర్తించని తోకచుక్క! సహచరులైన బాక్, న్యూకర్క్‌ల పేర్లతో కలిసి దానికి బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. ఆ ఆవిష్కరణకు డొనోహో పతకం లభించింది.

అనంతరం ఓలిన్ విల్సన్‌తో కలిసి నక్షత్రాల వర్ణపటాలను పరిశోధించారు. ఒక వర్గపు తారల వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే రేఖ వెడల్పును కొలిస్తే, ఆ తార నిజమైన ప్రకాశం తెలుస్తుందని, దానినిబట్టి దూరాన్నీ లెక్కించవచ్చునని నిరూపించారు. 1957లో ప్రకటితమైన ఈ సిద్ధాంతం విల్సన్–బప్పు ప్రభావమని ప్రసిద్ధి పొందింది.

విదేశాలలో మహాయంత్రాలు, కీర్తి, సౌకర్యాలు ఉన్నాయి. స్వదేశంలో చెప్పుకోదగిన పెద్ద దూరదర్శిని లేదు. అయినను వేణు బప్పు 1953లో భారతదేశానికి తిరిగి వచ్చారు. ఉత్తరప్రదేశ్ వేధశాల నిర్మాణానికి పూనుకొని, దానికి నైనిటాల్ కొండలను నెలవు చేశారు. 1960లో కొడైకనాల్ వేధశాల సంచాలకులయ్యారు. మబ్బులు తక్కువగా ఉండి, దక్షిణాకాశం కూడ చక్కగా కనిపించే చోటును వెదకి, తమిళనాడులోని జవ్వాదు కొండలలో కావలూరును ఎన్నుకొన్నారు. అక్కడ 1968లో 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శినితో పని ఆరంభమైంది. 1972లో ఒక మీటరు దూరదర్శిని వచ్చింది. అంతటితో వారు తృప్తి చెందలేదు. 2.34 మీటర్ల దర్పణంగల దూరదర్శినిని మన దేశంలోనే తయారు చేయాలని సంకల్పించారు. కొనుక్కోవడం సులభమే, కాని తయారు చేయడం నేర్చుకొంటేనే శాస్త్రం ఈ నేలలో వేళ్లూనుతుందని వారి విశ్వాసం.

1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షపదవి వేణు బప్పును వరించింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయులు వారే. 1981లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. కాని విధి కరుణించలేదు. గ్రీసు దేశంలో ఆ సమాఖ్య మహాసభలు జరుగుతున్న రోజులలోనే, 1982 ఆగస్టు 19న, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో వారు కన్నుమూశారు. అప్పటికి వయస్సు 55 ఏళ్లు మాత్రమే. తాము కలలు కన్న దూరదర్శిని గుండా ఒక్కసారియైనా ఆకాశాన్ని చూడలేకపోయారు. శిష్యులు, సహచరులు ఆ పనిని పూర్తి చేశారు. 1986లో ఆ దూరదర్శినికి, కావలూరు వేధశాలకు వేణు బప్పు పేరే పెట్టారు.

చెట్టు నాటినవాడే దాని పండ్లు తినాలన్న నియమం లేదు. మబ్బు తొలగే వరకు వేచి ఉండే ఓర్పు, తన నేలపైనే సాధించాలన్న పట్టుదల వేణు బప్పు మనకు మిగిల్చిన ఆస్తి. ఈసారి ఆకాశాన్ని చిత్రించేటప్పుడు, మీట నొక్కి ఊరుకొనక, ఆ చిత్రంలో కనిపిస్తున్నదేమిటని ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ప్రశ్నతోనే శాస్త్రం మొదలవుతుంది.