జెఫర్సన్ భోజన బల్ల మీది చవక వైన్

రోజూ రాత్రి భోజనంతో ఓ గ్లాసు రెడ్ వైన్ తీసుకుంటే గుండెకు మంచిదట కదా! ఈ మాట మీరూ వినే ఉంటారు. మీ ఇంట్లోనే ఎవరో ఒకరు అనీ ఉంటారు. అలాంటివారికి చెప్పాల్సిన జీవితం ఒకటుంది. అది అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌ది. 1743లో వర్జీనియాలో పుట్టిన ఆయన 83 ఏళ్లు బతికారు. రోజూ వైన్ తాగారు. మరి ఆ ఆయుష్షు వైన్ ఇచ్చిందేనా?

విరిగిన మణికట్టుతో వైన్ యాత్ర

1784లో జెఫర్సన్ దౌత్య పని మీద ఫ్రాన్స్ వెళ్లారు. 1786లో అక్కడ కుడి మణికట్టు దెబ్బతింది. అది సరిగా అతకలేదు. దక్షిణాన ఎక్స్ పట్టణంలో ఉన్న ఖనిజ జలాల్లో ఉంచితే నయమవుతుందని వైద్యులు సలహా ఇచ్చారు. 1787లో ఆయన బయల్దేరారు. ఆ నీళ్లతో చెయ్యి బాగుపడలేదు కానీ, దారి పొడవునా బర్గండీ, రోన్ లోయ, బోర్డో ద్రాక్షతోటలు చూసి, ధరలతో సహా అన్నీ రాసుకున్నారు. వైన్ మీద మక్కువ అక్కడే ముదిరింది.

అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్లలో (1801-09) వైన్‌కే దాదాపు 11 వేల డాలర్లు ఖర్చు పెట్టారు. అప్పుడు ఆయన జీతం ఏడాదికి 25 వేల డాలర్లు.

అప్పులొచ్చాక చవక సీసా

పదవి దిగి మాంటిసెల్లోలోని సొంతింటికి చేరేసరికి అప్పులు తరుముతున్నాయి. మామగారి నుంచి వచ్చిన బాకీ, ఇల్లు కట్టిన ఖర్చు, ఎడతెగని అతిథులు. 1815లో 6,487 పుస్తకాలను 23,950 డాలర్లకు దేశానికి అమ్మేశారు. ఖరీదైన బోర్డో, బర్గండీ వైన్ల జోలికి వెళ్లడం తగ్గించి, దక్షిణ ఫ్రాన్స్‌లోని రూసియోన్, లిమూ వంటి చోట్ల నుంచి చవక వైన్లు తెప్పించుకున్నారు. మార్సెయ్ రేవులో వైన్లు కలిపి బోర్డో రుచి వచ్చేలా తయారుచేసే ఓ వర్తకుడి సరుకు కూడా ఆయన బల్ల మీదికి వచ్చేది. వైన్ చవకైతే జనం విస్కీ మానేస్తారని, అందుకే దాని మీద సుంకం తగ్గించాలని ఆయన వాదన.

వైద్యుడికి రాసిన దినచర్య

1819లో, 75 ఏళ్ల వయసులో, ఓ వైద్యుడు అడిగితే తన అలవాట్లన్నీ ఉత్తరంలో వివరించారు. మాంసం తినేది కొద్దిగానే, అదీ కూరగాయలకు నంజుడులా. విస్కీ, బ్రాందీల వంటివి అసలు లేవు. తేలికపాటి వైన్ మూడు గ్లాసులు, మిత్రుడుంటే ఇంకాస్త. సూర్యుడితోపాటే లేవడం, 60 ఏళ్లుగా రోజూ పొద్దున్నే చన్నీళ్లలో పాదాలు ముంచడం, గుర్రం మీద ఆరు నుంచి ఎనిమిది మైళ్లు తిరగడం. అప్పటికి ఒక్క పన్నూ ఊడలేదు.

మూడు గ్లాసులా అని లెక్క వేసుకోకండి. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వైన్ గ్లాసుకు సగటున 66 మిల్లీలీటర్లు పట్టేవి. ఇప్పటి గ్లాసుల్లో 449 పడతాయి!

ఆ సీసా ఎవరు మోశారు?

మాంటిసెల్లో భోజనాల గదిలో పొయ్యికి రెండు పక్కలా చిన్న లిఫ్టులుండేవి. కింద నేలమాళిగలో సీసా పెడితే పైకి వచ్చేది. కింద ఆ సీసా పెట్టే చేతులు బానిసలవి. జెఫర్సన్ తన జీవితంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. 1826 జులై 4న ఆయన కన్నుమూసేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. 1827 జనవరిలో ఆ ఇంటి సామానుతోపాటు 130 మంది బానిసలనూ వేలానికి పెట్టారు. తల్లులొక చోటికీ బిడ్డలొక చోటికీ పోయారు. యజమాని చేసిన అప్పుకు మూల్యం చెల్లించింది వాళ్లే.

మనం తీసుకోవాల్సింది

ఒక మనిషి ఎక్కువ కాలం బతికితే ఆ ఘనత ఒక్క సీసాకే ఇవ్వలేం. కూరగాయలు, వ్యాయామం, వేళకు లేవడం ఆయన దినచర్యలోనే ఉన్నాయి. రెడ్ వైన్ తాగేవారికి గుండెజబ్బులు తక్కువన్న పాత పరిశీలనల్లోనూ ఇదే చిక్కు. వాళ్ల తిండి, ఆదాయం కూడా మెరుగ్గా ఉండేవి. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. రొమ్ము, పేగు క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది.

అలవాటు లేకపోతే గుండె కోసమని మొదలుపెట్టకండి. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు, చిన్న గ్లాసుకే పరిమితం చేసుకోండి. గర్భిణులు, కాలేయ సమస్యలున్నవారు పూర్తిగా దూరంగా ఉండాలి. మధుమేహం, రక్తపోటు మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ను అడగండి. జెఫర్సన్ బల్ల మీద నుంచి ఏదైనా తెచ్చుకోవాలనిపిస్తే, కూరగాయల గిన్నె తెచ్చుకోండి.