మూడవ సాలార్ జంగు

హైదరాబాదు రాజ్యచరిత్రలో సాలార్ జంగుల వంశమునకు ప్రత్యేకస్థానము కలదు. తాత, తండ్రి, మనుమడు మువ్వురును నిజాముల కొలువులో దివానులుగా నుండిరి. తాతయగు మీర్ తురాబ్ అలీఖాన్ 1853 మొదలుకొని 1883లో మరణించువరకు ఆ పదవిని నిర్వహించి, అప్పులతో క్రుంగియున్న రాజ్యమును చక్కబరచెను. తండ్రి మీర్ లాయక్ అలీఖాన్ కొలది సంవత్సరములే దివానుగా నుండెను. మనుమడగు మీర్ యూసఫ్ అలీఖాన్ ఆ పదవియందుండినది మరింత తక్కువకాలము. అయినను నేడు సాలార్ జంగు అను పేరు వినగానే జనులకు స్ఫురించునది రాజ్యతంత్రము కాదు, ఈ మనుమడు కూర్చిన కళానిధియే.

యూసఫ్ అలీఖాన్ 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనా నగరమున జన్మించెను. నెల తిరుగకమునుపే తండ్రి గతించెను. పొత్తిళ్ళలోని బిడ్డకు సంక్రమించిన జాగీరులను ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ తన సంరక్షణలో నుంచుకొనెను. 1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనను ప్రధానమంత్రిగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు. రెండేండ్లు గడచిన పిమ్మట, 1914లో, ఆ పదవిని విడిచెను. తక్కిన జీవితమంతయు కళాఖండములను వెదకుట, కొనుట, కూడబెట్టుట అను వ్యాపకముతోనే గడచెను.

ఈ వ్యాపకము ఆ ఇంటికి క్రొత్త కాదు. తాత 1876లో ఐరోపా యాత్ర చేసినప్పుడు రోము నగరమున బెంజోని అను శిల్పి చెక్కిన పాలరాతి ప్రతిమ నొకదానిని కొని తెచ్చెను. మేలిముసుగు ధరించిన రెబెక్కా అను స్త్రీ రూపమది. పలుచని ముసుగును, దాని వెనుకనున్న ముఖకవళికలును ఒకే రాతియందు తొంగిచూచుట గాంచి నేటికిని జనులు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. అయితే బెంజోని ఇట్టి రెబెక్కాను ఒక్కదానినిగాక అనేకముగా చెక్కెను. ఒకే శిల్పి పలుమార్లు చెక్కినప్పుడు ఏది మూలము, ఏది ప్రతి? కళావస్తువులను కొనువారిని ఈ ప్రశ్న ఎల్లప్పుడును వెన్నాడుచుండును.

నవాబునకు కళాఖండములపై గల మక్కువ దేశదేశములకు ప్రాకెను. దూరప్రాంతముల వర్తకులు మూటలతో, పెట్టెలతో ఆయన నివాసమగు దివాన్ దేవిడీ గుమ్మము త్రొక్కజొచ్చిరి. విదేశములందలి ప్రతినిధులు ప్రసిద్ధ వర్తకుల జాబితాలను ఎప్పటికప్పుడు పంపుచుండిరి. అంతటితో తృప్తి చెందక ఆయన స్వయముగా ఐరోపాకును, పశ్చిమాసియా దేశములకును ప్రయాణము చేసి తనకు నచ్చినవానిని కొనెను. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసికొనిన చాకు, షాజహాను విల్లు ఎక్కుపెట్టునప్పుడు బొటనవ్రేలికి తొడిగిన ఉంగరము ఆ సంగ్రహమున చేరినవి. చీనా పింగాణి, పారశీకపు తివాచీలు, చేతికఱ్ఱలు, పిల్లల ఆటబొమ్మలు, సిపాయిల బొమ్మలు మొదలగునవి మేడలోని గదులను నింపినవి. ఆటబొమ్మలపై నవాబున కేమి పని యని పెద్దలు నవ్వవచ్చును, పిల్లలు నవ్వరు.

ఆయన సంగ్రహములో చిత్రములతో కూడిన వ్రాతప్రతులు ప్రత్యేకముగా చెప్పదగినవి. అచ్చుయంత్రము రాకపూర్వము కథలను చేతితో వ్రాసి, నడుమనడుమ బొమ్మలను చేతితోనే వేసెడివారు. చిత్రకారుడు ఖనిజములను నూరి రంగులు చేసికొని, ఉడుతవెండ్రుకల కుంచెతో ఒక్కొక్క పుటపై దినములకొలది శ్రమించెడివాడు. అట్టి పుట లోకమున ఒక్కటే యుండును. నేడు బొమ్మల కథల పుస్తకములు వేలకొలది అచ్చగుచున్నవి. అయినను వానికొరకు చిత్రకారుడు స్వహస్తముతో గీసిన మూలచిత్రము మాత్రము ఒక్కటియే. దానిని వెదకి వెలయిచ్చి కొనువారు ఈనాడు అనేక దేశములలో కలరు. సాలార్ జంగు పాత వ్రాతప్రతులయందు చూపిన ఆసక్తియు ఇట్టిదే.

ఈ ఆసక్తివలననే ఆ గ్రంథములకు ఒక కీడును కలిగెను. గ్రంథమంతటికి వచ్చు వెలకంటె విడిపుటలకు వచ్చు వెల హెచ్చని కనిపెట్టిన వర్తకులు కుట్లు విప్పి, బొమ్మలున్న పుటలను వేరుచేసి, తలకొకటిగా అమ్మిరి. కథ ఒక దేశమునను, బొమ్మ మరియొక దేశమునను పడెను. అట్లు విడిపోయిన పుటలను తిరిగి ఒకచోటికి చేర్చుట దాదాపు అసాధ్యము. చెదరని గ్రంథమునకైనచో పూర్వపు యజమానుల ముద్రలు, లేఖకుని పేరు, పూర్తియైన తేదీ మొదలగునవి జాతకమువలె ఉపకరించును. నిజమైనదానికిని నకలునకును గల భేదమును తెలిసికొనుటకు పరీక్షకులు మొదట చూచునవి ఇవియే. అరబ్బీ, పారశీక, ఉర్దూ భాషలలోని వ్రాతప్రతులు ఆ సంగ్రహమున వేలకొలది కలవు. మొగలు, దక్కను, రాజస్థాన, పహాడీ సంప్రదాయముల చిత్రములును అందు చోటు చేసికొన్నవి.

ఆయన ఎంపిక అంతయు ఉత్తమమైనదనుట సత్యము కాదు. ఐరోపా చిత్రములలో వెనిసు నగరమును చిత్రించిన కెనలెట్టో వంటివారి రచనలతోపాటు, మహాచిత్రకారుల పనిని చూచి ఇతరులు వేసిన నకళ్ళును చేరినవి. విస్తారముగా కొనువాడు ఒక్కొక్కప్పుడు మోసపోవుట సహజము; తెలిసియే నకలును ముచ్చటపడి కొనుటయు కలదు. ఒకే శాఖలో లోతుగా పరిశ్రమించిన పండితుని గుణము ఆయనయందు లేదు. కన్నుల కింపైన ప్రతిదానిని కోరు రసికుని గుణము కలదు.

ఈ కొనుగోళ్ళకు ధనము ఎచ్చటిదని ఎవరైన అడుగవచ్చును. జాగీరుల రాబడియే దానికి ఆధారము. ఆ గ్రామములలో పొలము దున్నిన రైతు చెల్లించిన శిస్తు వెనిసు చిత్రముగను, చీనా పాత్రగను మారి దేవిడీ గదులలో చేరెను. ఆ రైతునకు గాని, నగరమున సామాన్యునకు గాని ఆ గదులలో అడుగిడి చూచు అవకాశము ఆ దినములలో లేకుండెను.

యూసఫ్ అలీఖాన్ వివాహము చేసికొనలేదు. తన సంగ్రహమును ఒక మ్యూజియముగా ఏర్పరుపవలెనని ఆలోచించుచుండెను. ఇంతలో కాలము మారెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. ఆయన కడపటిసారిగా కొన్నవి కొన్ని దంతపు కుర్చీలు. ఫ్రాన్సు ప్రభువగు పదునారవ లూయీ వానిని టిప్పుసుల్తానునకు కానుకగా పంపెనని ప్రతీతి. 1949 మార్చి 2వ తేదీన ఆయన మరణించెను. అదే సంవత్సరమున సంస్థానమునందలి జాగీరులును రద్దైనవి.

వారసుడగు సంతానము లేదు. ఆస్తిపై హక్కుగల బంధువులు అనేకులు. వస్తువులో, ఒక మేడలో కావు, పలు మేడలలో చెల్లాచెదరుగా నుండెను. పాళ్ళు వేసి పంచినచో ఎవరి వాటా వారు అమ్ముకొందురు. కుట్లు విప్పిన గ్రంథమునకు పట్టిన గతియే ఆ సంగ్రహమంతటికిని పట్టియుండును. ప్రభుత్వము ఎస్టేటు పరిపాలనకు ఒక సంఘమును నియమించెను. అప్పుడు హైదరాబాదు పాలనాధికారిగా నుండిన వెల్లోడి ఈ వస్తువులన్నిటిని ఒకచోట చేర్చి మ్యూజియముగా నెలకొల్పవలెనని తలపెట్టెను. వానిని క్రమపరచుటకు కళావిమర్శకుడగు జేమ్స్ కజిన్సు తోడ్పడెను. దివాన్ దేవిడీలోనే మ్యూజియము ఏర్పడెను. 1951 డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. నవాబు నివసించిన గదులలోనికి నాటినుండి సామాన్యజనులు ప్రవేశించిరి.

హక్కుల చిక్కు మాత్రము వెంటనే తీరలేదు. 1958లో హైకోర్టునందు రాజీ కుదిరి, బంధువులు ఆ సంగ్రహమును ప్రభుత్వమునకు దానముగా సమర్పించిరి. కోట్ల విలువగల వస్తువులపై హక్కును వదలుకొనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. కొనినవానికంటె విడిచినవారి పేర్లు లోకమునకు తక్కువగా తెలియుట న్యాయము కాదు. 1961లో పార్లమెంటు చట్టము చేసి మ్యూజియమును జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. 1968లో వస్తువులన్నియు మూసీనది దక్షిణపుటొడ్డున నిర్మించిన క్రొత్త భవనమునకు తరలింపబడినవి. నేడు అచ్చట సుమారు 43,000 కళావస్తువులును, 9,000 వ్రాతప్రతులును కలవు.

పాతబస్తీనుండియు, నగరపు పడమటి అంచున ఎత్తైన మేడలు లేచిన గోపన్‌పల్లి వంటి చోట్లనుండియు వచ్చు విద్యార్థులు ముందుగా చేరునది గడియారము చెంతకే. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థవారు కూర్చిన ఆ గడియారములో ప్రతి గంటకును ఒక గడ్డపు బొమ్మ తలుపు తెరచుకొని వెలుపలికి వచ్చి, గంటలు కొట్టి, మరల లోనికి పోవును. పండ్రెండు గంటలవేళ అచ్చట నిలుచుటకు చోటు దొరకదు. దంతపు కుర్చీలు మరియొక గదిలో కలవు. దివాన్ దేవిడీ మాత్రము నిలువలేదు. భవనములు పడగొట్టబడి ఆ స్థలమున అంగళ్ళు వెలసినవి. పాత ద్వారములు మాత్రము మిగిలియున్నవి.